మింగేసే హ్యాండ్లర్

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా ఆఫీసులో ఆ సామెత వినపడని రోజు ఉండేది కాదు. మా వదినా నేనూ ఒకే కంపెనీలో, పక్కపక్క కుర్చీల్లో పని చేసేవాళ్ళం మరి. నాకు ఆ ఉద్యోగం పెట్టించింది ఆవిడే, పని నేర్పిందీ ఆవిడే. అందుకని ఇంట్లో నేను ఆవిడ వంటకి వంకలు పెట్టేదాన్ని, ఆఫీసులో ఆవిడ నా కోడ్‌కి వంకలు పెట్టేది. చెల్లుకి చెల్లు.

కంపెనీ చిన్నది. మెట్లెక్కగానే రెండు గదులు, కిటికీ తెరిస్తే ఎదురుగా టైర్ల షాపు. కొన్ని ఆస్పత్రులకి కలిపి ఒక వెబ్‌సైటు నడిపేవాళ్ళం. డాక్టరుని చూడటానికి టైము తీసుకోవడం, కుదరకపోతే రద్దు చేసుకోవడం, రిపోర్టులు చూసుకోవడం అన్నీ అందులోనే. రోగి ఏ బటన్ నొక్కినా మా సర్వరుకి ఒక రిక్వెస్ట్ వస్తుంది. దాన్ని అందుకుని ఆ పని చేసిపెట్టే కోడ్ ముక్కే హ్యాండ్లర్. ఏ రిక్వెస్ట్ ఏ హ్యాండ్లర్ దగ్గరికి వెళ్ళాలో ఒక వరసలో రాసిపెట్టాలి. ఆ వరస సరిగ్గా ఉంటే మా బతుకు బాగున్నట్టే.

కొత్తలో నా బుర్రకి అది ఎక్కలేదు. వదిన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"ఆస్పత్రి గుమ్మంలో ఒకడు కూర్చున్నాడనుకో. వాడికి తెలివీ లేదు, ఓపికా లేదు. చేతిలో కాగితం పైనుంచి చదువుకుంటూ పోతాడు. వచ్చినవాళ్ళకి సరిపోయే మాట ఎక్కడ కనిపిస్తే అక్కడికి తోలేస్తాడు. కింద ఇంకా మంచిది ఉందేమోనని చూడడు. కన్ను నొప్పంటే కంటి గది, పన్ను నొప్పంటే పంటి గది. ఎక్కడికీ చెందనివాళ్ళ కోసం ఒక బెంచీ. 'ఎవరైనా సరే, ఇక్కడ కూర్చోండి' అని. ఆ బెంచీ సంగతి కాగితంలో ఎక్కడ రాయాలే?"

"చివర."

"పైన రాస్తే?"

"అందరూ వచ్చి బెంచీ మీదే కూర్చుంటారు."

"కూర్చుని అక్కడే చస్తారు. ఇది మర్చిపోయావంటే నిన్ను మీ అన్నయ్యకి తిరిగిచ్చేస్తా."

వదినకి ఇంకో పట్టుదల ఉండేది. హ్యాండ్లర్ లోపల ఏదైనా బెడిసికొడితే, కొందరు ఆ తప్పుని లోపలే నొక్కేసి, బయటికి 'అంతా బాగుంది' అని జవాబు వెళ్ళేలా రాస్తారు. ఫోన్లు రావు, మేనేజరు తిట్టడు, అందరికీ హాయి. వదినకి అవంటే ఒళ్ళు మంట. 'మింగేసే హ్యాండ్లర్లు' అనేది. "తప్పు జరిగితే అరవాలి. అరిస్తేనే కదా ఎవరో ఒకరు వచ్చి చూసేది? మింగేసినవాడు మంచివాడిలా కనిపిస్తాడు, కొంప ముంచేది వాడే," అని నెత్తిన నోరు పెట్టుకుని చెప్పేది. నేర్చుకునేవాళ్ళ కోసం ఇవన్నీ తన మాటల్లో ఒక పుస్తకంగా రాయాలని ఆవిడ కోరిక. గుమ్మంలో కూర్చున్న మనిషి, బెంచీ, మింగేసేవాడు, అందరూ అందులో ఉండాలి. ఎప్పుడు రాస్తావంటే, "ఈ పని ఒక కొలిక్కి రానీ," అనేది. పని ఎప్పుడు కొలిక్కి వస్తుంది?

ఈలోగా కంపెనీ, వెబ్‌సైటుకి పునాదిలా ఉండే పాత ఫ్రేమ్‌వర్క్ వదిలేసి కొత్తదానికి మారాలనుకుంది. అంటే హ్యాండ్లర్లన్నిటినీ కొత్త పద్ధతిలో మళ్ళీ అమర్చుకోవాలి. మా మేనేజరు ఏ ఆస్పత్రివాళ్ళు ఏం అడిగినా "సరేనండి" అనే మనిషి. అందుకే ఆయన పేరు సరేనండి గారు. ఆ పని ఎవరు చేస్తారని ఆయన అడిగితే వదిన చెయ్యెత్తింది. "పాత ఇల్లు కట్టింది నేను. కొత్త ఇంటికి సామాను మార్చేదీ నేనే," అంది. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. ఆ గదుల్లో ఆవిడ కన్నా ఆ వెబ్‌సైటు తెలిసినవాళ్ళు లేరు.

మొదట నాకు నవ్వే వచ్చింది. ముందురోజు రాసిన హ్యాండ్లర్‌నే మర్నాడు మళ్ళీ రాసింది. "కవల పిల్లలా వదినా?" అన్నాను. ఆవిడా నవ్వేసి ఒకటి తీసేసింది. తర్వాత, రద్దు చేసుకోవడానికి వచ్చే రిక్వెస్ట్‌ని టైము ఇచ్చే హ్యాండ్లర్‌కి తగిలించింది. అది అలాగే వెళ్ళి ఉంటే, రాలేనన్న రోగికి ఇంకో టైము దొరికేది. ఈసారి నేను నవ్వుతూ చూపిద్దామని తిరిగాను. వదిన ఆ తెరనే చూస్తోంది. ఎంత చూసినా ఆవిడకి అందులో తప్పు కనిపించడం లేదు. నోరు మూసుకున్నాను.

మా దగ్గర ఎవరు రాసినా ఇంకొకరు చూసి సరేనంటేనే అది సర్వరుకి ఎక్కుతుంది. వదిన రాసినవి చూసేది నేను. ఇక అప్పట్నుంచి చూడటంతో పాటు దిద్దడం కూడా మొదలుపెట్టాను. ఆవిడ టీకి లేచినప్పుడో, ఫోను మాట్లాడుతున్నప్పుడో గబగబా సరిచేసి పంపేసేదాన్ని. వెబ్‌సైటు నిక్షేపంలా నడిచేది. సరేనండి గారు వదినని అందరి ముందూ మెచ్చుకునేవారు.

ఇంట్లో ఆవిడ మామూలుగానే ఉండేది. మా చుట్టాల్లో ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడరో పాత గొడవలతో సహా చెప్పేది. ఇంట్లో బాగానే ఉంది కదా, ఇది అలసటే, లేదంటే కళ్ళు మసకబారి ఉంటాయి అనుకున్నాను. మా అన్నయ్యకి కళ్ళద్దాల షాపు ఉంది. వదిన కళ్ళు ఒకసారి చూడమన్నాను. చూశాడు. "కళ్ళు భేషుగ్గా ఉన్నాయమ్మా," అన్నాడు. అంటూ అద్దాలు తుడవడంలో పడ్డాడు.

చెప్పాల్సింది అంటారు మీరు. చెబితే ఏమయ్యేది? మర్నాటికల్లా ఆ పని ఆవిడ చేతిలోంచి లాక్కునేవాళ్ళు. ఆ కుర్చీ లేకపోతే మా వదిన లేదు. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. నేను కదలకుండా నిలబడ్డాను. నిలబడి దిద్దుకుంటూ పోయాను. నాది తప్పని ఈరోజుకీ నేను ఒప్పుకోను.

మా ఆఫీసులో ఒక అలవాటు ఉంది. వారానికోసారి అందరం గోడ మీద తెర ముందు కూర్చుని, ఎవరో రాసిన కోడ్ ముక్కని పేరు కనిపించకుండా చదువుతాం. పెద్దవాళ్ళదైతే మెచ్చుకోవడం, కొత్తవాళ్ళదైతే చీల్చి చెండాడటం చూసి విసుగొచ్చి వదినే అది పెట్టింది. చదవడం అయ్యాక రాసినవాళ్ళు చెయ్యెత్తి, నవ్వేసి, అందరికీ టీ తెప్పించాలి. ఏది చదవాలో ఎంచేది, కోడ్‌ని నడిపి తప్పులు పట్టే మా టెస్టరు. నడివయసు మనిషి, తన నీడని కూడా రెండుసార్లు పరీక్షిస్తాడని ఆయన్ని అనుమానం అని పిలుస్తాం.

ఒకసారి అలా కూర్చోవడానికి ముందురోజు నాకు పన్ను పీకించుకోవాల్సి వచ్చి సెలవు పెట్టాను. వదిన రాసినది దిద్దకుండా అలాగే ఉండిపోయింది. అనుమానం దాన్నే తెర మీద పెట్టాడు.

హ్యాండ్లర్ల వరస అది. అన్నిటికన్నా పైన 'ఎవరైనా సరే' అన్న బెంచీ. దాని కింద కంటి గది, పంటి గది, రిపోర్టులు, రద్దులు బుద్ధిగా ఉన్నాయి. ఒక్క రిక్వెస్ట్ కూడా వాటి దాకా రాదు. అన్నీ బెంచీ దగ్గరే ఆగిపోతాయి.

వదిన పకపకా నవ్వింది.

"ఎవరు బాబూ ఈ మహానుభావులు? బెంచీ తీసుకొచ్చి గుమ్మానికి అడ్డంగా వేశారు! గుండెనొప్పితో వచ్చినవాణ్ణి కూడా 'కాస్త కూర్చోండి, మీ విన్నపం అందింది' అంటారా? ఇది మొదటి రోజు పాఠం కదయ్యా. దీనికి కూడా జీతం తీసుకుంటున్నారా?"

అందరూ నవ్వారు. నేను తప్ప. పన్ను పీకిన చోట నొప్పి ఒకటి, ఇది ఒకటి.

"ఎవరిదో చెయ్యెత్తండి. తినెయ్యనులే."

ఎవరూ ఎత్తలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడానికి కూడా అక్కడ దొంగ అన్నవాళ్ళు లేరు. వదిన మెడ సాచి వరసంతా వెతుకుతోంది. ఇక నేను చెయ్యెత్తాను.

"నీదా?" వదిన నవ్వు సగంలో ఆగింది. తెర వంక చూసింది, నా వంక చూసింది. "నీది కాదు. నువ్వు ఖాళీలు ఇలా వదలవు. పేర్లు ఇలా పెట్టవు. నీకు నేర్పింది నేను, నీ చేతిరాత నాకు తెలీదా? ఎవర్ని వెనకేసుకొస్తున్నావే?"

"నాదే వదినా. టీ చెప్పేస్తున్నా."

ఆవిడ లేచి వెళ్ళి అనుమానం చేతిలోంచి మౌస్ తీసుకుంది. మూసి ఉన్న పేరు తెరిచింది. తెర మీద ఆవిడ పేరే ఉంది.

వదిన తెర మీద ఇంకొంచెం కిందికి వెళ్ళింది. పాతవి తెరిచింది. ఒక్కోదాని పక్కన ఆవిడ పేరు, దాని కిందే దిద్దినవాళ్ళ పేరుగా నా పేరు. మళ్ళీ ఆవిడది, మళ్ళీ నాది. తర్వాత మౌస్ జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "టీ నాది," అని బయటికి వెళ్ళిపోయింది.

నేను మెట్ల మీద పట్టుకున్నాను. గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఎప్పట్నుంచే?"

"ఏంటి వదినా?"

"నంగనాచిలా అడక్కు."

"కొత్త ఫ్రేమ్‌వర్క్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"బాధపడతావని."

"ఎవరు బాధపడతారని? నేనా, నువ్వా?"

నేను కింది మెట్టు మీద కూర్చున్నాను.

"నాలో ఏదో తేడా ఉందని నాకు తెలుసే," అంది వదిన. గొంతు పెద్దది చెయ్యలేదు. అరిచి ఉంటే బాగుండేది. "రోజూ అనుకునేదాన్ని. మాట నోటిదాకా వచ్చి జారిపోతుంటే భయం వేసేది. మళ్ళీ నాకు నేనే చెప్పుకునేదాన్ని, ఆఫీసులో అంతా సరిగ్గా నడుస్తోంది కదా, నిజంగా తేడా ఉంటే ముందు కోడ్‌లోనే బయటపడుతుంది కదా అని. నీ దిద్దుబాటు చూసుకుని నేను ధైర్యం తెచ్చుకున్నానే! మింగకూడదని నీకు నేర్పింది ఎవరు? నా తప్పులన్నీ మింగేసి, నాకు అంతా బాగుందని జవాబిచ్చావు."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. "పద, మీ అన్నయ్యకి చెబుదాం. పాపం, ఆయనకేం తెలీదు," అంది.

అన్నయ్య షాపు మూసి ఇంటికొచ్చాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. సగం దాకా వచ్చాక ఆయన చేత్తో ఆపాడు.

"నాకు తెలుసమ్మా."

ఆయన ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. వదిన స్టవ్ వెలిగించి మర్చిపోతే ఆయన ఆర్పుతున్నాడు. కూరలో రెండోసారి ఉప్పు పడితే ఆ కూర తనే తినేసి, మాకు ఇంకోటి చేసి పెడుతున్నాడు. వదిన తాళాలు ఎక్కడెక్కడో పెడితే తెచ్చి మేకుకి తగిలిస్తున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా?"

"ఆఫీసులో పని చక్కగా చేస్తోంది కదా అనుకున్నాను. పక్కనే నువ్వున్నావు. నిజంగా ఏదైనా ఉంటే నువ్వు చెప్పవా అనుకున్నాను."

నేనేమో ఇంట్లో బాగుంది కదా అనుకున్నాను.

వదిన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ ఇద్దరే. ఇల్లు బాగుందని ఆఫీసు, ఆఫీసు బాగుందని ఇల్లు. నా గురించి నాకు తప్ప అందరికీ తెలుసు." తర్వాత అన్నయ్య వైపు తిరిగి, "ఆ ఉప్పుకూర అంతా నువ్వే తిన్నావా?" అంది. అప్పుడు ఏడ్చింది.

డాక్టరు మాకు తెలిసిందే చెప్పాడు. ఇది పెరిగే మతిమరుపు, తగ్గే జబ్బు కాదు. ముందే వచ్చి ఉంటే తగ్గేదా అని అన్నయ్య అడిగితే, తగ్గదన్నాడు. కాకపోతే, మనసు తేటగా ఉన్న రోజుల్లోనే తెలిసి ఉంటే, చెయ్యాలనుకున్నవి చేసుకునేవారు అన్నాడు. బయటికొచ్చాక వదిన కారు తలుపు తీస్తూ, "పుస్తకం పోయిందే," అంది.

ఆ సాయంత్రం మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది. "ఇకమీదట నేను పొరబడితే మొహం మీదే చెప్పండి. ఎంత చిన్నదైనా సరే."

"అలాగే వదినా. నీకు అర్థమయ్యేదాకా చెబుతాను."

"అర్థం కాని రోజు వచ్చినా చెప్పు. ఆ రోజు వచ్చిందని తేల్చేది నువ్వు కాదు. జాలిపడి నాకు మళ్ళీ 'అంతా బాగుంది' అన్నావో, నీ మొహం చూడను."

మర్నాడు ఆఫీసులో అందరి ముందూ తనే చెప్పేసింది. సరేనండి గారు కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీసి "సరేనండి" అన్నారు. ఆయన ఆ మాట అంత కష్టపడి అనడం ఎప్పుడూ చూడలేదు. మిగిలిన వరస పూర్తి చేసి వెళ్తానని వదిన అడిగింది. పక్కన నేను కూర్చోవాలి, దిద్దకూడదు, చెప్పాలి. అదీ ఏర్పాటు.

చెప్పడం నేర్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. "వదినా, అక్కడ ఒకసారి చూస్తావా?" అంటే కసిరేది. "అరిటిపండు ఒలిచి పెట్టకు. తప్పైతే తప్పు అను." తప్పు వదినా. ఇదీ తప్పే. ఇది నిన్న చెప్పిందే. ప్రతిదీ ఆవిడ మొహం చూడకుండా చెప్పేదాన్ని. ఆవిడ మాత్రం తల ఊపి చెరిపేసి మళ్ళీ రాసేది. కొన్ని రోజులు ఒక్క హ్యాండ్లరూ అయ్యేది కాదు. కొన్ని రోజులు పాత వదిన వచ్చి కూర్చునేది. ఆ రోజుల్లో నా కోడ్‌లో కూడా రెండు తప్పులు పట్టి, అనుమానాన్ని పిలిచి మరీ చూపించేది. నిజం చెబుతున్నాను, ఆవిడతో కలిసి చేసిన పనంతటిలో నాకు బాగా ఇష్టమైనది అదే. పుస్తకంలోకి నాలుగు మాటలు చెప్పు, నేను రాసుకుంటానని ఒకసారి అడిగాను. గుమ్మంలో కూర్చున్న మనిషి దాకా చెప్పి, తర్వాత వాడేం చేస్తాడో తెలియక ఆగిపోయింది. నేను అందించబోతే వద్దంది.

వరస పూర్తయ్యింది. కొత్త వెబ్‌సైటు నడిచింది. వదిన తన కప్పు, స్వెట్టరు సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. నేనూ సగం రోజులే ఆఫీసుకి వెళ్ళి, మధ్యాహ్నాలు ఇంటి దగ్గర ఉండేలా సరేనండి గారితో సరేననిపించుకున్నాను.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఇది సోమవారం కాదు వదినా. మీ అమ్మ ఫోను చెయ్యదు వదినా, ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట విన్న ప్రతిసారీ ఆవిడకి అది కొత్తగా విన్నట్టే ఉండేది. మొహం అలాగే వాడిపోయేది. అయినా కాసేపటికి నా చెయ్యి పట్టుకుని "చెప్పావు, మంచిదానివి," అనేది. అన్నయ్య ఇది తట్టుకోలేకపోయాడు. "మాట తీసుకున్న మనిషే లేనప్పుడు ఇంకెందుకమ్మా ఈ మాట? అవునను, పోతుంది," అని నన్ను వంటింట్లోకి పిలిచి బతిమాలేవాడు. నేను వినలేదు. ఆడపడుచుకి మొండితనం ఎక్కువని అన్నాడు. ఎక్కువే.

ఒక మధ్యాహ్నం వదినా నేనూ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాం. ఆవిడ జుట్టుకి చిక్కు తీస్తున్నాను. అన్నయ్య భోజనానికి షాపు నుంచి వచ్చి, చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టాడు. వదిన ఒక్కసారి బిగుసుకుపోయి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎవరే ఆయన?" అంది మెల్లగా. "పిలవకుండా లోపలికి వచ్చేశాడేంటి?"

అంతవరకూ ఎవర్ని మర్చిపోయినా అన్నయ్యని మాత్రం ఆవిడ పోల్చుకునేది. ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు. నా వైపు చూసి అడ్డంగా తల ఊపాడు. చెప్పొద్దని. రెండు చేతులూ జోడించాడు.

రిపేరుకి వచ్చాడనో, పక్కింటాయన అనో అనేస్తే సరిపోయేది. ఆయన కాసేపు బయట నిలబడి, మళ్ళీ వచ్చి ఉండేవాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"తప్పు వదినా," అన్నాను. "ఆయన మా అన్నయ్య. మీ ఆయన."

వదిన అన్నయ్యని కాళ్ళ దగ్గర్నుంచి మొహం దాకా చూసింది. మొహం దగ్గర చాలాసేపు వెతికింది. ఆవిడకి అక్కడ ఎవరూ దొరకలేదని నాకు తెలిసిపోయింది. అన్నయ్యకి కూడా తెలిసింది.

వదిన నా చేతిలోంచి జుట్టు లాక్కుని లేచింది. తను కూర్చున్న కుర్చీని చేత్తో తుడిచి, ఆయన వైపు జరిపింది.

"ఏమనుకోకండి, నేను పోల్చుకోలేకపోయాను," అంది. "మా ఆడపడుచు చెప్పింది కాబట్టి మీరు మా ఆయనే అయ్యుంటారు. తను నాకు అబద్ధం చెప్పదు. రండి, కూర్చోండి."

అన్నయ్య వచ్చి కూర్చున్నాడు.